వెనక్కి తగ్గినవాళ్లకు చప్పట్లు

మొన్న హనుమకొండలో ఒక చర్చావేదికపై ఆవేశంగా వాదిస్తున్న అమ్మాయి ఉన్నట్టుండి ఆగింది. "నేనన్నది తప్పు. ఆ మాట వాపస్ తీసుకుంటున్న," అంది. నా అరచేతులు టప్పున కలిశాయి. ఆ చప్పుడుతోనే సుగుణ టీచర్ నా కళ్లముందు మెదిలారు.

కాజీపేట బడిలో ఆమె మాకు సైన్సు చెప్పేవారు. శనివారాలు చర్చలు పెట్టించేవారు. అక్కడ గెలిచినవాళ్లకు చప్పట్లు లేవు. పొరపాటు తెలుసుకుని నలుగురి ముందు ఒప్పుకున్నవాళ్లకే. "గెలిచేతందుకు గొంతు చాలు. ఒప్పుకునేతందుకు గుండె గావాలె," అనేవారు. అన్నమాటకు చచ్చినా కట్టుబడటమే పౌరుషమని గుడిలో, చర్చిలో, పార్టీ సభలో ఊదరగొట్టే సమాజంలో ఆ చప్పట్లు చిన్న తిరుగుబాటు కావు.

కొన్నేళ్ల క్రితం ఒక సభకని టీచరూ నేనూ ఢిల్లీ వెళ్లాం. పొద్దున్నే ఫోను: కాజీపేటలో టీచర్ అన్నగారు పోయారు, సాయంత్రమే ఖననం. దొరికిన మొదటి విమానమెక్కాం. సగం దారిలో పైలట్ గొంతు వినిపించింది. ఒక ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోతున్నట్టు మీటరు చూపిస్తోంది, నిజమో కాదో తెలియదు, అందుకే నాగ్‌పూర్‌లో దిగుతున్నాం అన్నాడు.

దిగి చూస్తే ఇంజన్ బాగానే ఉంది. చెడింది మీటరే. అది మార్చేదాకా విమానం కదలదు. విమానాశ్రయం హాలులో వరంగల్ పత్తి వ్యాపారి ఒకాయన పైలట్ మీదికి వెళ్లాడు. పైలట్ తెలుగువాడే.

"ఇంజన్ మంచిగనే ఉన్నదట గద! ఉత్తగనే దించినవ్. గింత భయముంటే విమానం నడుపుడెందుకు?"

టీచర్ అప్పుడే మేనల్లుడితో ఫోనులో ఉన్నారు. "నాకోసం ఆగకుండ్రి బిడ్డా. మట్టి ఇయ్యుండ్రి," అని పెట్టేశారు. కళ్లు తుడుచుకుని నేరుగా వ్యాపారి ముందుకు నడిచారు.

"మంచిగున్నదని కిందికి దిగినంక తెలిసింది అన్నా. పైనున్నప్పుడు ఆయనకు తెల్వదు. తెల్వదని ఒప్పుకున్నడు."

"నీకేం తొందర లేదు గావచ్చు అమ్మా!"

"అక్కడ మా అన్నకు మట్టిస్తాండ్రు. ఆఖరుసారి ముఖం సూద్దామని బయలెల్లిన."

టీచర్ పైలట్ వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. అంత పెద్ద హాలులో ఆ రెండు చేతులే. తర్వాత నావి. ఇంకెవరూ కలవలేదు. అయినా ఆమె ఆపలేదు.

టీచర్ ఇప్పుడు లేరు. మొన్న హనుమకొండ చర్చ ముగిశాక ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

"ఓడిపోయిన గద సార్, చప్పట్లెందుకు కొట్టిండ్రు?"

"దిగాల్సిన చోట దిగినవు బిడ్డా," అన్నాను.