జున్ను తాకిన నాలుక

మా ఆవు పూటకు పది లీటర్లు ఇస్తుందని ఆళ్లగడ్డ బస్టాండు దగ్గరి టీ బంకులో నేను చెప్పని రోజు లేదు. నిజానికి నాలుగు. మనుమరాలికి ప్రాణం మీదికి వచ్చిన రోజున నేనే కారును నూట ఇరవై మీద నడిపి నంద్యాల చేర్చానని కూడా చెప్పాను. నాకు కారు నడపడమే రాదు. నడిపింది పక్కింటాయన. నేను ముందు సీట్లో నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ నోరు మూసుకోవడం గురించే ఇప్పుడు రాయాలి.

బిడ్డకు అప్పటికి ఆరు నెలలు. పోతపాలు పట్టిన ప్రతిసారీ కక్కేది, ఒళ్లంతా దద్దుర్లు లేచేవి, కాళ్లు ముడుచుకుని ఏడ్చేది. నిద్రన్నదే లేదు. ఈ బిడ్డకు ఆవుపాలు, బర్రెపాలు పడవు, చుక్క కూడా తగలనీయొద్దు, తల్లి కూడా పాలూ పెరుగూ మానేసి చనుబాలే ఇవ్వాలని నంద్యాల డాక్టరమ్మ చెప్పింది. పెరుగు లేనిదే ముద్ద దిగని నా కోడలు ఆ రోజు నుంచి చారన్నంతోనే లేచేది. కొన్ని వారాలకు బిడ్డ కుదురుగా నిద్రపోవడం మొదలుపెట్టింది.

నాకు మాత్రం అవమానంగా ఉండింది. పాలు పడని బిడ్డ, అదీ మా ఇంట్లో!

అప్పుడే ఆవు ఈనింది. తొలి జున్ను ఇంట్లో అందరికన్నా చిన్నబిడ్డ నాలుకకు తాకించాకే ఊళ్లో పంచాలని మా ఇంటి ఆనవాయితీ. లేకుంటే దూడ దక్కదని మా నాయన అనేవాడు. కోడలు స్నానానికి పోయింది. నా భార్య మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తోంది. వేలికొనకు గోరంత జున్ను తీసి బిడ్డ నోట్లో పెట్టాను. చప్పరించింది. కాసేపటికి కళ్లు మూసింది.

నా జున్నుతో బిడ్డకు ఎంత బాగా నిద్రపట్టిందో అని మీసం దువ్వుకున్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. దొడ్లో దూడ ఒక్కటే అరుస్తోంది.

కోడలు తల తుడుచుకుంటూ వచ్చి ఉయ్యాలలోకి వంగింది. "మామా, పాప పెదాలేంది ఇట్ల ఉబ్బినాయి?"

ఎత్తుకోగానే బిడ్డ కక్కింది. మెడ వాలిపోయింది.

కారులో దారి పొడుగునా నా భార్య కోడలిని వదల్లేదు. "నిజం చెప్పు. పెరుగు తిన్యావు గదా? నోరు కట్టుకోలేకపోతివా?"

"ల్యా అత్తా. బిడ్డ మీద ఒట్టు."

"మరి యాడనుంచి వచ్చె ఈ వాపు?"

నా వేలు జేబులో దాచుకున్నాను. బిడ్డ ఊపిరి ఈలలా వినిపిస్తోంది. ఆ ఈల ఆగినప్పుడల్లా కారులో అందరమూ ఊపిరి బిగబట్టేవాళ్లం.

డాక్టరమ్మ చూడగానే తొడకు సూది వేసి, ఆక్సిజన్ పెట్టింది. "తల్లి తిన్నదానికి ఇంత తొందరగా ఇట్ల కాదు. పాప నోట్లోకే ఏదో పోయింది. ఏందది? ఎంత?"

ఆడవాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"జున్నమ్మా. నేనే పెట్టినా. గోరంత."

"గోరంతేనా పెద్దాయనా?"

మీకు కూడా పైన గోరంత అనే రాశాను. "రెండు స్పూన్లు," అన్నాను. జన్మలో నేను తగ్గించి చెప్పింది ఆ గోరంత ఒక్కటే.

"ఇంతసేపూ ఆ పిల్లను తిట్టిస్తాంటివా?" అని నా భార్య నెత్తి కొట్టుకుంది. కోడలు నన్ను దాటుకుని పోయి బిడ్డ పాదం పట్టుకుని నిలబడింది. చాలాసేపటికి బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే ఆమె గోడకు ఆనుకుని కూలబడింది.

ఇది జరిగి ఏడాది దాటింది. బిడ్డకు పాలు ఇప్పటికీ పడవు. నేను పాలు పితికి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కునేదాకా కోడలు గడప దగ్గర బిడ్డను చంకనెత్తుకుని నిలబడి ఉంటుంది. ఆవు ఇప్పుడు మళ్లీ చూలుతో ఉంది.

"మామా, ఈసారి ఆవు యాడ ఈనుతాది?" అని నిన్న అడిగింది.

"గోస్పాడులో మా చెల్లెలింటికి తోలిస్తాలేమ్మా. జున్ను ఈ గడప తొక్కదు."

ఆమె తల ఊపింది. చూపు మాత్రం నా చేతుల మీదే ఉంది.