డోరీన్ పిలవని రోజు

డోరీన్ హౌగెన్‌కి యాభై ఎనిమిదేళ్లు. చలికాలమంతా రేవులోని షెడ్డులో పీతలు ఒలుస్తుంది. మార్చి రాగానే ఆ చేతులు నిమ్మకాయతో రుద్ది కడుక్కుని, బురద బూట్లు తొడుక్కుని, ఆరెగాన్ తీరపు కొండల్లోకి గుడ్లగూబల లెక్కకి పోతుంది. ఆగస్టు చివరిదాకా అదే కొలువు. ఇరవై ఎనిమిది వేసవులుగా ఇదే వరస. "పీతలతో ఎంత మాట్లాడినా దండగ, గుడ్లగూబలైతే పలుకుతాయి" అంటుంది.

ఆ పనికి కావలసింది గొంతు. పొద్దుగూకాక గట్టు మీద నిలబడి, అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని మగ గుడ్లగూబలా నాలుగు విరుపుల్లో కూయాలి. అడవిలో ఏదైనా ఉంటే, నా ఇంట్లోకి ఎవడొచ్చాడని తిరిగి కూస్తుంది. మర్నాడు పగలు ఎలుకల పెట్టె పట్టుకుని అక్కడికి వెళ్లి, ఒక ఎలుకని కర్ర మీద పెట్టి చూపాలి. ఒంటరి పక్షి అయితే దాన్ని అక్కడే మింగేస్తుంది. పిల్లలుంటే మాత్రం మింగదు, కరుచుకుని పిల్లల దగ్గరికి పోతుంది. ముళ్లకంపల్లో పడుతూ లేస్తూ దాని వెనకాల పరిగెత్తడమే ఉద్యోగం.

డోరీన్ కూత ఎంత అచ్చంగా ఉండేదంటే, చివరికి అదే కొంప ముంచింది.

ముల్లెన్ వాగు పక్కన ఐదువందల ఏళ్ల నాటి, దేవదారులాంటి ఫర్ చెట్ల తోపు ఒకటుంది. అరుదైపోయిన చుక్కల గుడ్లగూబ అక్కడ కాపురం ఉన్నంతకాలం చట్టప్రకారం ఆ చెట్ల మీద రంపం పడదు. వరసగా మూడు వేసవులు ఏదీ పలకకా కనబడకా పోతే తోపు ఖాళీ అని రాసేస్తారు, మానులకి నీలిరంగు పూసి కొట్టేస్తారు. ఇది మూడో వేసవి. దానికి తోడు, తూర్పు నుంచి వలస వచ్చిన చారల గుడ్లగూబలు కొండలన్నీ ఆక్రమించుకున్నాయి. ఒంట్లోనూ పెద్దవి, నోటిలోనూ పెద్దవి, చుక్కలవాటిని తన్ని తరిమేసే రకం.

జూన్‌లో డోరీన్‌తో కలిసి లెక్కకి తిరిగే రూడీ ఎస్కొబెడో ముల్లెన్ వాగు దగ్గర మగ గుడ్లగూబ పలికిందని రాసుకొచ్చాడు. కలప మిల్లు మూతపడ్డాక ఈ ఏడే ఈ పనిలో చేరినవాడు, నలభై దాటిన మనిషి, పిల్లాడిలా గంతులేశాడు. అదే సాయంత్రం తనూ విన్నానని డోరీన్ చెప్పింది. ఆఫీసులో అందరూ కేకు కోసుకుని తిన్నారు.

వారం తర్వాత ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని ఫారం నింపుతుంటే డోరీన్ పెన్ను ఆగిపోయింది. రూడీ రాసింది: తొమ్మిదింబావు, దక్షిణపు గట్టు మీద పలికింది. తను రాసింది: తొమ్మిదింబావు, ఉత్తరపు గట్టు మీద పలికింది. ఆ రోజు ఆమె వేరే లోయకి పోవాల్సింది. దారికి అడ్డంగా చెట్టు పడి ఉండటంతో వెనక్కి తిరిగి, రూడీ ఈపాటికి ఇల్లు చేరి ఉంటాడనుకుని, దక్షిణపు గట్టు మీద ఆగి కూసింది. రూడీ ఇంకా ఉత్తరపు గట్టు మీదే ఉన్నాడు.

"రూడీ, నువ్వు విన్న ఆ మగ గుడ్లగూబ నేనే. నేను విన్నది నిన్ను."

రూడీ నవ్వబోయి ఆగాడు. "ఇది ఎవరికి తెలుసు?"

"మనిద్దరికీ."

"నువ్వు నోరు మూసుకుంటే ఆ చెట్లు బతుకుతాయి డోరీన్. జీవితంలో ఒక్కసారి నోరు మూసుకోవచ్చుగా."

"మా నాన్న ఆ కొండల్లో చెట్లు కొట్టే నన్ను పెంచాడు. నేను చెట్ల కోసం రాయట్లేదు, విన్నది రాస్తున్నా. ఒక్క అబద్ధం బయటపడిందంటే ఇరవై ఎనిమిదేళ్ల లెక్కలూ పొయ్యిలో పెడతారు."

వెళ్లి చెప్పింది. పై అధికారి రెండు కూతలనీ ఎర్రపెన్నుతో కొట్టేశాడు. ఆ రోజు ట్రక్కు తోలుకుంటూ డోరీన్ దారిపొడుగునా ఏడ్చింది. తర్వాత వెళ్లిన నాలుగుసార్లూ ఏదీ పలకలేదు.

ఆగస్టు ఇరవైతొమ్మిది, ఆఖరి అవకాశం. రాత్రిళ్లు ఏదీ పలకట్లేదని, ఈసారి మధ్యాహ్నమే ఇద్దరూ ఎలుకల పెట్టెతో తోపులోకి దిగారు. ఎంత ఎండ కాసినా అక్కడ నేలకి చేరేది చారెడు వెలుగే. వాగు అవతల చారల గుడ్లగూబ ఒకటి మొరిగినట్టు కూసి ఊరుకుంది. డోరీన్ అరచేతులు నోటిదాకా తీసుకెళ్లి దించేసింది.

"కూయవేం?" అన్నాడు రూడీ.

"నేను కూస్తే ముందొచ్చేది ఆ రౌడీయే. నువ్వన్నట్టే చేస్తున్నా, నోరు మూసుకున్నా."

కర్ర మీద ఎలుకని పెట్టి నాచు మీద కూర్చుంది. గంట గడిచింది. ఎలుక మీసాలు దువ్వుకుంటోంది. రూడీ ఎల్క్ దుప్పి మాంసం ఒరుగు నములుతూ దవడ ఆపేశాడు.

ఎటు నుంచి వచ్చిందో తెలియలేదు. ఆకు కదల్లేదు, రెక్క చప్పుడు లేదు. ఒక్క క్షణం ముందు కొమ్మ ఖాళీ, మరుక్షణం దాని మీద గోధుమరంగు చుక్కల పక్షి. నల్లటి కళ్లతో డోరీన్‌ని తేరిపార చూసింది. ఇరవై ఎనిమిదేళ్లుగా చూస్తున్న జాతే. అయినా గుళ్లో దేవుడి ఎదుట నిలబడ్డట్టు ఒళ్లంతా జలదరించింది.

పక్షి వాలి ఎలుకని తీసుకుంది. దాని కాలికి నీలం తెలుపు పట్టీ ఉంది. ఎనిమిదేళ్ల కిందట ఇదే తోపులో ఆ పట్టీ తొడిగింది డోరీనే, అప్పుడు కొరికించుకున్న మచ్చ బొటనవేలి మీద ఇంకా ఉంది.

అది ఎలుకని మింగలేదు. ఎత్తుకుని నలభై అడుగుల దూరాన విరిగిన ఫర్ మోడు మీదికి పోయింది. అక్కడ నూగు వదలని పిల్లలు రెండు, ఒకదాన్నొకటి తోసుకుంటూ నోళ్లు తెరిచాయి.

"ఎక్కడికీ పోలేదు రూడీ," అంది డోరీన్. "మూడు వేసవులూ ఇక్కడే ఉంది. కూస్తే తంతారని కిక్కురుమనకుండా పిల్లల్ని పెంచుకుంటోంది. మనం కింద నిలబడి అరిచి, లేదని రాసుకుని పోయాం. పైనుంచి అన్నీ వింటూనే ఉంది."

రూడీ ఫారం తీశాడు. అందులో ఒకే గడి ఉంది, పలికిందా లేదా అని. "ఏం రాయను?"

"పలకలేదని రాయి," అంది డోరీన్ కళ్లు తుడుచుకుంటూ. "పక్కన చోటుంటే, వచ్చిందని రాయి."