చంకలు కుట్టేసిన బొంతకోటు

దుబాయిలో ఒక వీరుడి రెండు చేతులూ కట్టేసి, కత్తి ముందు నిలబెట్టిన ఘనుణ్ణి నేను. శత్రుత్వమేమీ లేదండీ, ప్రేమతోనే చేశాను.

కరోనా తగ్గుముఖం పట్టిన రోజులు. అక్కడి సత్వా పేటలో, ఒక బజారువీధిలో మస్తాన్ భాయ్ టైలరింగ్ దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఆయనదీ మా నెల్లూరే. నోట్లో తిట్టు, చేతిలో టీ గ్లాసు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. ఇప్పుడా వీధిలో నడిస్తే ఆ తిట్ల కోసం నా చెవులు వెతుక్కుంటాయి. అప్పట్లో పెళ్లిళ్లు లేవు, సూట్లు లేవు, ఈగలు తోలుకుంటూ కూర్చునేవాళ్లం.

అలాంటప్పుడు వచ్చాడు విక్రమ్ అనే కరీంనగర్ కుర్రాడు. ఆఫీసులో ఉద్యోగం, సెలవు రోజున పాతకాలపు కత్తియుద్ధం! ఒక పాత కోటు బల్లమీద పెట్టాడు. వెనకటి సిపాయిలు దెబ్బ తగలకుండా తొడుక్కునేవారట. లోపల దూది కూరి, నిలువునా కుట్లేసి, బొంతకు చేతులు మొలిచినట్టుంది.

"అన్నా, గిట్లనే ఇంకోటి కుట్టాలె. మంచిగొస్తే మా క్లబ్బోళ్లందరికీ మీ తాననే కుట్టిస్త."

భాయ్ నావైపు తిరిగాడు. "రేయ్ హుస్సేనూ, మీది దూదేకులోళ్ల ఇల్లు గదా, నువ్వే కుట్టు. ఈ ఆర్డరు పోయిందంటే షట్టరు దించి ఊరికి పోవడమే."

నేను చంకలు గుద్దుకున్నాను. కొంప మునిగింది కూడా ఆ చంకల దగ్గరే. పాత కోటుకు రెండు చంకల్లోనూ అరచెయ్యి దూరేంత కన్నాలు. పాపం, కొట్టుకుని కొట్టుకుని చిరిగిపోయిందనుకున్నాను. కన్నాల చుట్టూ చక్కగా పట్టీ కూడా వేసుంది. చిరుగుకు ఎవడైనా పట్టీ వేస్తాడా? ఆ మాట తోస్తే నేను నేనెందుకవుతాను! కొత్తదానికి చంకలు మూసి, దూది దట్టించి, పరుపులు కుట్టే దారంతో వరసమీద వరస బిగించాను.

ఆఖరి కుట్టు పడేసరికి పోటీ రోజు రానే వచ్చింది. కోటు పట్టుకుని నేరుగా అల్ కుసైస్‌లో పోటీ జరిగే గోదాముకే పోయాం. విక్రమ్ తొడుక్కుని బరిలో దిగి, కత్తి ఎత్తబోయాడు. చేతులు భుజాల దాకా వచ్చి ఆగాయి. కోటు మాత్రం ఆగలేదు, ముక్కు దాకా లేచింది. అవతలివాడు దబదబా వాయిస్తున్నాడు.

"అన్నా! చేతులు లేస్తలెవ్వు!"

ఆట ఆపారు. భాయ్ నా చెవి పట్టుకున్నాడు. "ఏం చేసినావురా?"

"చంకల్లో చిరిగుంటే కుట్టినా భాయ్."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! చెయ్యి లేవాలనే గదరా ఆ కన్నాలు!"

గుమ్మడికాయల దొంగంటే జనం భుజాలు తడుముకుంటారు, నేను చంకలు తడుముకున్నాను. భాయ్ కత్తెర తీశాడు. కుట్టు తెగితేనా! ఇద్దరం చెరోవైపు పీకుతుంటే విక్రమ్ ఉయ్యాల ఊగుతున్నాడు. క్లబ్బు పెద్ద, తెల్లగడ్డం పంజాబీ ఆయన, దగ్గరికొచ్చి కుట్టు లాగి చూశాడు. ఎవరిదీ పని అని హిందీలో అడిగాడు. భాయ్ వేలు నన్ను చూపించింది. ఖలాస్, ఊరికి టికెట్టే అనుకున్నాను.

"కత్తెరకే లొంగని కుట్టు కత్తికి లొంగుతుందా? మా అందరికీ ఇతనే కుట్టాలి," అన్నాడాయన. కాస్త ఆగి, "చంకలు మాత్రం ఇంకెవరైనా చూసుకోండి."

భాయ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. అన్ని నెలల్లో ఆయన నవ్వడం అదే మొదలు. ఇప్పుడాయన నెల్లూరు వెళ్లిపోయాడు.

ఆరోజే సూదిమీద ఒట్టేసుకున్నాను. సాటిమనిషి చంకలో ఏనుగు దూరేంత కన్నం కనబడినా సరే, ఆయన నోరు తెరిచి అడగనిదే నేను సూదిలో దారం ఎక్కించను.