తాయక్క ఎడమపక్క పళ్ళెం

మొన్నటి వానకు మా వంటింటి రేకుల సందులోంచి నీళ్ళు కారి, మండుతున్న పొయ్యిలో పడ్డాయి. చుయ్యిమని చప్పుడొచ్చి, తడిసిన బూడిద వాసన ఇల్లంతా పరుచుకుంది. జొన్నపిండి కలుపుతున్న నా చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ వాసన నేను అంతకు ముందు ఒక్కసారే పీల్చాను. తాయక్క తన పొయ్యి మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి, కారెక్కి, బొంబాయి ఓడరేవుకు బయలుదేరిన నాడు.

ఇది నేను ఎప్పుడో రాయవలసింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. యాభై దాటాక, కాలువ కింద సాగుకు వచ్చినవాళ్ళు కట్టుకున్న క్యాంపు నుంచి వచ్చి మా వీధిలో ఇల్లు తీసుకున్న సత్యవతిగారు నేర్పారు. వాళ్ళు ఆంధ్ర వైపు వాళ్ళు. ఆవిడ నేర్పింది పుస్తకాల తెలుగు, రాయిచూరులో మేం మాట్లాడేది వేరు. అందుకే రాయడానికి కూర్చుంటే ఆవిడ తెలుగే చేతికి వస్తుంది. తాయక్క మాటలు మాత్రం ఆమె అన్నట్టే రాస్తున్నాను. నోటితో చెబుదామని ఒకటి రెండుసార్లు చూశాను. విన్నవాళ్ళు సగంలోనే లేచి, పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు. కాగితం మధ్యలో లేచిపోదు.

తాయక్కకు రాయిచూరు స్టేషన్ దగ్గర ఖానావళి, అంటే రొట్టెల పూటకూళ్ళ ఇల్లు, ఉండేది. యాపలదిన్నిలో మా పొలం రెండేళ్ళు వరసగా ఎండిపోయాక, పెనిమిటి కూడా పోయాక, నేను ఆమె దగ్గర పనికి కుదిరాను. మొదటి రోజు నేను కొట్టిన రొట్టెను వెలుతురుకు పట్టి చూసి, "ఏందే నర్సీ, గిట్ల మందం జేస్తె బండకేసి కొట్టినా ఇరగదు. తినేటోనికి పండ్లుండద్దా?" అంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఆమె పక్కనే కూర్చుని రొట్టెలు చేశాను. కుడిపక్కన. ఎడమపక్క ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు.

ఆ ఎడమపక్క చోటు ఆమె పెనిమిటిది. పేరు మల్లప్ప. ఆమె ఎన్నడూ ఆ పేరు పలకలేదు, 'ఆయన' అనే అనేది. బొంబాయి రేవులో మూటలు దించే పనికి రైలెక్కి పోయాడు. పండగలకు వచ్చిపోతూ ఉండేవాడు. తర్వాత ఏదో ఓడలో పని దొరికిందని ఎవరితోనో చెప్పి పంపాడు. ఆ తర్వాత ఏ మాటా రాలేదు. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. మనిషి దూరాన ఎక్కడో చనిపోతే, ఆ ముఖం కళ్ళారా చూసినవాళ్ళు వచ్చి ఇంటామె ఎదుట నిలబడాలి. పోయినవాని పేరు, వాని తండ్రి పేరు చెప్పి, "చూసిన. ఇంక ఎదురుచూడకు" అనాలి. దాన్నే కబురు అంటాం. కబురు రానిదే దినాలు చెయ్యరు, గాజులు తియ్యరు. తాయక్కకు ముప్పై ఏళ్ళు గడిచినా కబురు రాలేదు. వేళ్ళు వంకర్లు పోయి, జుట్టు తెల్లబడినా, మునిమాపు వేళకు ఎడమపక్క ఒక పళ్ళెం పెట్టి, మాకు వీపు చేసి, తన చేత్తోనే వడ్డించేది. అందులో ఏం పెట్టేదో మేమెవరం చూడలేదు.

బొంబాయి రైలు దిగిన కూలివాళ్ళు మా ఖానావళికి వచ్చేవారు. ఎక్కువమంది దేవదుర్గ వైపు వాళ్ళు. వానలు పడేటప్పుడు తిరిగి వచ్చి, పంట చేతికొచ్చాక మళ్ళీ పోయేవాళ్ళు. తాయక్క ముందు అన్నం పెట్టేది కాదు. "పేరేంది? ఏ ఊరు? ఎవరి కొడుకువు?" ఈ మూడూ అడిగేది. తర్వాత రేవు సంగతి. పెద్ద గేటు దాటితే ఏమొస్తుంది, ఏ సందులో కూలివాళ్ళు పడుకుంటారు, నీళ్ళ కుళాయి ఎక్కడ. చెప్పినవానికి ఒక రొట్టె ఎక్కువ. ఒకసారి ఒకడు రొట్టె కోసం నోటికి వచ్చింది చెప్పాడు. తాయక్క నవ్వి, "నువ్వు జెప్పిన సందుల పోతె సముద్రంల పడ్తవ్ కొడకా. అయినా తిను. అబద్ధం జెప్పనీకె గుడ ఆకలి గావాలె గద" అంది. వాళ్ళు వెళ్ళాక నాతో అనేది. "తిండి పెట్టుడు పెద్ద పని గాదు నర్సీ. ఎవరి కొడుకని అడుగు. యాడ్నో వాని కోసం ఒకామె కూసొని ఉంటది. రేపు మనమే చెప్పాల్సొస్తె?"

ఒకరోజు స్టేషన్ రోడ్డులో ట్రావెల్స్ నడిపే అతను తిండికి వచ్చి, బొంబాయి నుంచి సముద్రం మధ్యదాకా పోయి తిరిగొచ్చే ఓడ ఒకటి ఉందని, మామూలు మనుషులు కూడా చూసిరావడానికి ఎక్కుతారని చెప్పాడు. తాయక్క చేతిలో రొట్టె పెనం మీద మాడింది. మర్నాడే ఆమెకూ నాకూ టికెట్లు తీసుకుంది. రైలుకు మాత్రం ఒప్పుకోలేదు. "ఆ బండి మనుషుల్ని తీస్కపోతది గాని తేదు" అని, మా రొట్టెలు హోటళ్ళకు మోసే ఖాజా భాయిని కారు మాట్లాడమంది.

బయలుదేరే ముందు నేను సంచులు కారులో పెట్టి వెనక్కి వచ్చేసరికి ఆమె పొయ్యి ముందు నిలబడి ఉంది. మేము నిప్పును ఏనాడూ నీళ్ళతో ఆర్పం. బూడిద కప్పి ఉంచుతాం. ఇంట్లోంచి శవం లేచిన నాడు మాత్రమే పొయ్యి మీద నీళ్ళు పోస్తారు. తాయక్క బిందె ఎత్తి ఒక్కసారిగా కుమ్మరించింది. ఖానావళి తాళంచెవి నా కొంగుకు కట్టింది. ఈమె తిరిగి రాదు, సముద్రంలోనే ఉండిపోవడానికి పోతోంది అన్న భయం మాత్రం నాతోపాటు కారెక్కింది.

కల్మల దాటి, కృష్ణ దాటి, బిజాపూర్ మీదుగా పోయాం. తాయక్క వెనక సీట్లో నా పక్కన కూర్చుని, ఎడమవైపు కొంచెం చోటు వదిలింది. సోలాపూర్ దాటాక ఒక ధాబాలో ఆగితే, అక్కడి మనిషి అడగకుండానే నాలుగు పళ్ళాలు తెచ్చి పరిచాడు.

"నాలుగెందుకు భాయి, మేం ముగ్గురమే గద" అని ఖాజా వాళ్ళ మాటలో అన్నాడు.

ఆ మనిషి కారు వైపు చూశాడు, మా వైపు చూశాడు. నలుగురు దిగినట్టనిపించిందని గొణిగి, పళ్ళెం తీయబోయాడు. తాయక్క దానిమీద చెయ్యి పెట్టి, "ఉండనీ" అంది. మళ్ళీ కారెక్కాక ఖాజా అద్దంలోంచి వెనక్కి చూడడం మానేశాడు. పాటలు కూడా పెట్టలేదు.

దీపాలు పెట్టే వేళకు బొంబాయి చేరాం. గాలిలో చేపలు, డీజిలు, తడిసిన గోనెసంచుల వాసన. ఖాజా దారి కోసం ఫోను చూస్తుంటే, తాయక్క ముందుకు వంగి చెప్పడం మొదలుపెట్టింది. "పెద్ద గేటు ముంగట ఎడమకు తిప్పు. ఇగ పాత గోదాము వస్తది. అది దాటి రెండో సందు." గోదాము వచ్చింది. రెండో సందూ వచ్చింది.

"అక్కా, నువ్వు ముందెప్పుడన్న ఈడికొచ్చినవా?" అన్నాడు ఖాజా.

"లేదు."

"మరి ఫోన్ కన్న జల్ది చెప్తున్నవ్."

"గిన్నేండ్లు రొట్టెలు ఉత్తగనే పెట్టిన్నా?" అంది. నవ్వలేదు. "ఈడ కుళాయి ఉండాలె" అని సందు మూలకు వేలు చూపింది. అక్కడ కుళాయి ఉంది. తుప్పు పట్టి, నీళ్ళు లేక, దాని కింద గచ్చు మాత్రం మనుషులు నిలబడి నిలబడి గుంటపడి ఉంది. ఎన్నడూ చూడని ఊళ్ళో ఆమె తన ఇంట్లో నడిచినట్టు నడుస్తోంది.

మేం దిగిన లాడ్జి ఆ సందు చివరే. పాత కట్టడం. మెట్లు తేమతో జిగటగా ఉన్నాయి. మా గది కిటికీ తెరిస్తే రేవు కనిపించింది. నల్లటి నీళ్ళ మీద, నేలే లేని చోట, దీపాలు వెలిగించుకున్న ఊరొకటి నిలబడి ఉంది. అదే పొద్దున మేం ఎక్కవలసిన ఓడ. దాని కూత వినిపించినప్పుడు బల్ల మీద స్టీలు గ్లాసులో నీళ్ళు వణికాయి.

ఖాజా సంచులు పెట్టి, "నేను పుణెల మా బహెన్ ఇంట్ల ఉంట. మల్ల మిమ్మల్ని తీస్కపోనీకె ఎప్పుడు రావాలె అక్కా?" అన్నాడు.

"చెప్త తియ్. నువ్వు పోయి తిను."

అతను నా ముఖం చూశాడు. నేను తల దించుకున్నాను.

అతను వెళ్ళాక అడిగాను. "అక్కా, పొయ్యి మీద నీళ్ళెందుకు పోసినవ్?"

తాయక్క కిటికీ దగ్గరే నిలబడి ఉంది. ఓడ దీపాల వైపు చూస్తూనే అంది. "ముప్పై ఏండ్లాయె. చూసినోళ్ళు ఒక్కరు రాలే. చూసినోళ్ళు లేకుంటె నేనే పోయి చూడాలె గద."

"పోయి చూసి, వస్తవ్ గద?"

"ఏంది, రాకుంటె రొట్టెలు ఎవరు కొడ్తరని పరేషానా? నీకొచ్చు తియ్. ఇప్పుడు పలుచగనే జేస్తున్నవ్." అక్కడితో ఆ మాట ముగించింది. మోకాళ్ళు నొస్తున్నాయని మంచం మీద కూర్చుని, "ఇయ్యాల నువ్వే ఒడ్డించు" అంది. "ఆయనకు గుడ."

ఇన్నేళ్ళలో ఆ పళ్ళెం నా చేతికి ఇవ్వడం అదే మొదలు. ఇంటి నుంచి తెచ్చిన రొట్టెలు పెట్టాను. వంకాయ కూర పెట్టాను. పల్లీల పొడి పళ్ళెం నడిమధ్య కుప్పగా వేశాను. దాన్ని ఆమె ఎడమపక్కన నేల మీద ఉంచాను. మేమిద్దరం కింద కూర్చుని తినబోతుండగా కరెంటు పోయింది. ఓడ దీపాల వెలుతురు కిటికీలోంచి గోడ మీద పడింది. గోడ మీద తాయక్క నీడ, నా నీడ ఉన్నాయి. తాయక్క నీడకు అవతల ఇంకొకటి, భుజాలు వంచి, పళ్ళెం మీదికి వంగి ఉంది. ఆకలిగొన్న మనిషి తినే తీరులో ఉంది. తాయక్క మాత్రం ఏమీ చూడనట్టు తన రొట్టె తుంచుకుంటోంది. కరెంటు వచ్చింది. చూస్తే, కొక్కేనికి నేను తగిలించిన సంచి. దాని నీడే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత పళ్ళెం వైపు చూశాను. రొట్టెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నడుమ వేసిన పల్లీల పొడి మాత్రం అంచుకు జరిగి ఉంది. లాడ్జి నేల వాలుగా ఉందేమో.

పడుకునేముందు నా కొంగు ఆమె కొంగుకు ముడివేశాను. ఆమె చూసింది, వద్దనలేదు. తెల్లారి నాకు మెలకువ వచ్చేసరికి ఆమె మంచం మీద కూర్చునే ఉంది. లేస్తే ముడి గుంజి నన్ను లేపుతుందని అలాగే ఉండిపోయినట్టుంది. "గట్టిగనే ఏసినవ్" అంది.

రేవు లోపల పెద్ద హాలు, బారులు తీరిన జనం. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి మా ఆధార్ కార్డులు చూసి, ప్రయాణంలో ఏమైనా అయితే ఇంట్లో ఎవరికి కబురు చెప్పాలని హిందీలో అడిగింది. తర్వాత తాయక్క చేతి గాజులు చూసి, "పతి హై?" అంది.

ఈ ప్రశ్నకు తాయక్క జీవితమంతా ఒకటే జవాబు చెప్పింది. ఉన్నాడని. ఆ పొద్దున ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు. అద్దాల గోడ అవతల ఓడ నిలబడి ఉంది. ఆమె చూపు దానిమీదే ఉంది. వెనక జనం కదులుతున్నారు. ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది.

మా పేటలో ఇప్పుడు ఎవరింటికైనా కబురు మోయవలసి వస్తే నన్నే పిలుస్తారు. నాకు భయం లేదని కాదు. పేరు, తండ్రి పేరు, చూసిన మాట, ఈ మూడూ తొణక్కుండా చెప్పగలనని. చెప్పాక ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ నిలబడగలనని. అది తాయక్క దగ్గర నేర్చుకున్నదే, ఇప్పటికీ మోస్తున్నదే. నేను చెప్పిన మొదటి కబురు మాత్రం ఆ హాలులో, ఆమెకే.

నేను ఆ అమ్మాయి వైపు తిరగలేదు. తాయక్క ఎదుటికి పోయి నిలబడ్డాను. "హనుమప్ప కొడుకు మల్లప్ప పోయిండు. నేను చూసిన. ఇంక ఎదురుచూడకు."

ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "యాడ చూసినవ్?"

"నిన్న మునిమాపుల. నీ ఎడమపక్కన."

"ఏం జేస్తుండె?"

"తింటుండె."

"పల్లీల పొడి ఏసినవ్ గద. తిన్నడా?"

"లేదు. పక్కకు జరిపిండు."

తాయక్క తల ఊపింది. "హౌ" అంది నెమ్మదిగా. "పల్లీలు ఆయనకు పడవు." ఆ సంగతి నాకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

ఆమె అక్కడే, జనం మధ్యలో, నేల మీద కూర్చుంది. ఏడ్చింది. ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు. కళ్ళు తుడుచుకున్నాక నా చెయ్యి పట్టుకుని లేచి, కంప్యూటరు ముందున్న అమ్మాయిని అడగమని నాకు చెప్పింది. "ఈ ఓడ మల్ల ఎప్పుడొస్తదంట?"

అడిగాను. ఎల్లుండి పొద్దునకని చెప్పింది.

"ఖాజాకు జెప్పు. ఎల్లుండి పొద్దుగాల గేటుకాడికి రమ్మని."

నేను ఫోను తీశాను. అప్పటికి పేరు చదవడం రాదు కాబట్టి, అతని కారు బొమ్మ ఉన్న చోట వేలు పెట్టి నొక్కాను.