రాయమల్లు చుట్టుదారి

దుబాయి నుంచి తిరిగొచ్చిన ఈ ఆరు నెలల్లో రాయమల్లు ఎంత పనిమంతుడయ్యాడో చూస్తే ముక్కున వేలేసుకోవాల్సిందే. తెల్లారకముందే పొలం మోటరు దగ్గరికి ఉరుకుతాడు. బాగున్న పైపునే విప్పి మళ్లీ బిగిస్తాడు. ధర్మపురి పక్కనున్న ఆ ఊళ్లో పొలానికి దగ్గరి దారి సమ్మవ్వ ఇంటి ముందునుంచే. ఈయన మాత్రం వాగు వెంబడి చుట్టూ తిరిగి పోతాడు.

సమ్మవ్వ కొడుకు సంపత్, రాయమల్లు దుబాయి లేబర్ క్యాంపులో ఒకే గదిలో ఉండేవాళ్లు. ఓ పొద్దున సంపత్ ఛాతీ పట్టుకుని, "అన్నా, జర పానం మంచిగ లేదే" అన్నాడు.

"గ్యాస్ అయివుంటది తియ్. నాగా పెడితే ఫోర్‌మన్ ఒర్లుతడు, నడువ్" అని రాయమల్లే బస్సెక్కించాడు.

మధ్యాహ్నానికి సంపత్ లేడు. ఆ పొద్దుటి మాట రాయమల్లు ఎవరికీ చెప్పలేదు. సంపత్ బట్టల పెట్టెను కూడా వేరేవాళ్ల చేత పంపించాడు. గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేవాడు, వెంటనే పానా పట్టుకుని మోటరు మీద పడేవాడు. పాపం, ఆ మోటరేం చేసిందో!

మొన్న చూస్తే వాగు గట్టున సమ్మవ్వే కూర్చుని ఉంది. మోకాళ్ల నొప్పుల మనిషి, అంత దూరం నడిచొచ్చింది.

"నన్ను చూస్తె మొఖం తిప్పుకుంటున్నవేందిరా? నేనేమన్న అన్ననా నిన్ను?"

పొలంలో పనుందనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు. ఆమె ముందు మట్టిలో కూలబడ్డాడు.

"పెద్దవ్వా, ఆ పొద్దు సంపత్ ఛాతి పట్టుకుని పానం మంచిగ లేదన్నడు. గ్యాస్ అన్న. నేనే డ్యూటీకి తోలుకపోయిన."

సమ్మవ్వ ఆయన భుజం మీద ఒక్కటి చరిచింది. ఇంకొకటి చరిచింది. "దవాఖానకు తోలుకపోకపోతివి గదరా!" అని గుండెలు బాదుకుంది. రాయమల్లుకు లేచి ఉరకాలనిపించింది. ఉరకలేదు. ఇంకో దెబ్బ పడితే పడనీ అనుకుని అక్కడే కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఆర్నెల్ల సంది నాకు ఒక్కటే పరేషాన్. నా కొడుకు ఆ పొద్దు ఏం తిన్నడు, ఏం మాట్లాడిండు? చెప్పేటోనివి నువ్వొక్కనివే ఉంటివి. నువ్వేమో దాసుకుంటివి."

ఆ సంగతి రాయమల్లుకు ఎన్నడూ తట్టలేదు. తన బాధ తప్పించుకోవడానికి ఈ తల్లికి మిగిలిన ఒక్క కబురునూ దాచిపెట్టాడు. ఒక తప్పు చాలదన్నట్టు రెండోది!

"చపాతీలు తిన్నడు పెద్దవ్వా. రెండే. మూడోది నాకిచ్చిండు."

"నువ్వు తిన్నవా?"

"తిన్న" అని రాయమల్లు మొదటిసారి బోరుమన్నాడు.