తాళం తీసినా ఆగని జీపు

నా బిడ్డ మీద ఒట్టు. కావాలంటే బైబిల్ మీద కూడా వేస్తాను. ఇందులో ఒక్క ముక్క కల్పించి చెప్పను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సారపాకలో నాకో మెకానిక్ షెడ్డు ఉండేది. బండి పందేల పిచ్చితో పాత డీజిల్ జీపుకి సెకండ్‌హ్యాండ్ టర్బో బిగించాను. పొగ తోపుడుకి తిరిగే చిన్న ఫ్యాను అది, ఇంజిన్‌లోకి గాలిని కుక్కుతుంది. మూలుగుతూ నడిచే జీపు లేడిలా ఉరికేది.

దమ్మపేటలో పుట్టింట్లో ఉన్న మా ఆవిడ రూతుకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. చూడ్డానికి వెళ్లి ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. జీపులో భద్రాచలం దవాఖానాకి బయల్దేరాం. అడవిలోనే చీకటి పడింది. ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కాను... ఇంజిన్ కేక పెట్టింది. కాలు తీసేశాను. తగ్గలేదు. పక్కకి ఆపి తాళం పీకేశాను. ఓరి దేవుడా... ఆగలేదు! తాళం నా చేతిలో ఉంది, ఇంజిన్ ఇంకా ఇంకా అరుస్తోంది. గేరులో వేసి ఆపుదామంటే క్లచ్ జారిపోయింది. తెల్లటి పొగ కమ్మేసింది.

"దిగు రూతూ, పేలిపోతది!"

"కదలలేనయ్యా... బిడ్డ వస్తున్నట్టుంది. నువ్వన్నా పో!"

"నిన్నిడిసి యాడికి పోతనే?"

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు...

టక్.

బానెట్ గొళ్లెం. ఎవరో తీశారు. కిర్ర్‌... మంటూ నెమ్మదిగా... బానెట్ పైకి లేచింది. పొగలో మనిషి కనపడలేదు. ఇంజిన్ ఊపిరాడనట్టు మూలిగింది. రెండుసార్లు వణికింది. ఆగిపోయింది.

దిగి చూశాను. గాలి పైపు నోట్లో గొంగడి ముక్క కుక్కి ఉంది. తడిగా ఉంది. దగ్గర్లో చుక్క నీళ్లు లేవు. "ఎవరన్నా ఉన్నరా?" అని అరిచాను. చుట్టూ చూశాను, చెట్లే.

అంతలో దూరంగా వెదురు లారీ చప్పుడు వినబడింది. ఉరికి ఆపాను. "జల్దీ ఎక్కియ్ తమ్మీ!" అన్నాడు డ్రైవర్. తెల్లారేలోపు దవాఖానాలో పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

తర్వాత ఖమ్మంలో ఒక పెద్ద మెకానిక్ చెప్పాడు. టర్బో సీలు పోయి, ఇంజిన్ తన ఆయిల్‌నే తాగి మండిందట. అప్పుడు డీజిల్ ఆపినా ఆగదట, గాలి మూస్తేనే ఆగుతుందట. షెడ్డు నడిపే నాకే తెలియదు... అక్కడ ఎవరికి తెలుసు?

రూతు దేవదూతే అంటుంది. "దేవదూతకి టర్బో గురించి ఎవరు చెప్పిన్రే?" అంటే, "నోరు మూసుకో" అంటుంది.

ఇప్పటికీ అక్కడ బండి ఆపి, ఆ చెట్లకేసి చేతులు జోడిస్తాను. ఒకసారి పాప కూడా దిగింది.

"ఎవరికి నాయినా?"

"తెల్వది బిడ్డా... నువ్వు కూడా దండం పెట్టు."