కత్తెర పెట్టని పుస్తకం

మా ఆటల పత్రిక ఇక లేదు. ఆ కబురు చివరి సంచిక మొదటి పేజీలోనే ఉంది. అంటే, తాను పోయిన సంగతి తానే అచ్చేసుకుని, స్టాంపు అంటించుకుని మరీ చెప్పడానికి వచ్చింది. అంత మర్యాదస్తురాలు. వయసులో మాకంటే పెద్దది. జబ్బు అందరికీ తెలిసిందే: కొనేవాళ్లు లేకపోవడం.

ఇక్కడ ఒక నేరం ఒప్పుకోవాలి. శంషాబాద్‌లో దానికి వీరాభిమానులం ముగ్గురం: నేను, జల్‌పల్లి అఫ్రోజ్, రావిర్యాల శ్రీకాంత్. ముగ్గురికీ కలిపి తెప్పించుకున్నది ఒక్క ప్రతి.

ప్రతి నెలా నడిమి పేజీల్లో ఒక ఆట పటం వచ్చేది. రంగురంగుల దారులు, అంచున కాయలు. కింద సంపాదకుడి మాట: 'కత్తెర తీసుకోండి.' మేం తీసుకోలేదు. బంగారం లాంటి పుస్తకానికి కత్తెరా! శ్రీకాంత్ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచేవాడు. మేం ఆడిందంతా బస్టాండ్ పక్కన జిరాక్స్ చాచా తీసిచ్చిన నకళ్ల మీదే. వాటిలో ఎర్రదారీ పచ్చదారీ ఒకే బూడిద రంగు.

"నా తొవ్వల నడుస్తున్నవ్‌రా!" అని అఫ్రోజ్.

"ఏ హౌలే, గిది నాదే!" అని శ్రీకాంత్.

పైనుంచి విమానం పోతుండగా పడ్డ పందెం, బల్ల అదిరింది కాబట్టి చెల్లదని ఇంకో గొడవ. చాచా కళ్లద్దాలు పైకి నెట్టి, "అసలు బీరువాల, నకలు బల్ల మీద. మీకు ఆట గావాల్నా, కొట్లాట గావాల్నా బేటా?" అనేవాడు.

ఎనిమిదో తరగతిలో పత్రికకు ఉత్తరం రాశాను: 'కత్తిరిస్తే పుస్తకం పాడవదా?' జవాబు అచ్చయింది: 'పాడవుతుంది. పాడవనివ్వు బాబూ, అందుకే అచ్చేస్తున్నాం.' నేనేం చేశాను? నా పేరు అచ్చయిన సంబరంలో ఆ సంచికకు రెండో కవరు తొడిగించాను.

మొన్న ఆదివారం చివరి సంచికతో చాచా దుకాణానికి వెళ్లాం. ఆయన అలవాటుగా మిషన్ మూత ఎత్తాడు. అఫ్రోజ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు చాచా. కత్తెర ఇయ్యి."

"పాగల్ అయినవా?" శ్రీకాంత్ పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నాడు. "ఇదే ఆఖరుది. ఇగ రాదు."

"ఇన్నేండ్లు దాచి ఏం బతికించినంరా?" అన్నాడు అఫ్రోజ్.

శ్రీకాంత్ పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. మూడు ప్రతులు కొని ఉంటే బతికేదని కాదు. కానీ దాన్ని పొట్టన పెట్టుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం.

చివరికి కత్తెర పట్టింది శ్రీకాంతే. పసివాడికి పుట్టువెంట్రుకలు తీసినంత మెల్లగా, గీత దాటకుండా కత్తిరించాడు.

పటం బల్ల మీద పరిచాం. ఎర్రది ఎర్రగా, పచ్చది పచ్చగా. కొట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. రెండో పందెంలోనే నా చాయ్ గ్లాసు అడుగు పచ్చదారి మీద గుండ్రంగా మరక వేసింది. తుడవబోయిన శ్రీకాంత్ చెయ్యి మధ్యలో ఆగింది. పాచిక వేశాడు. మూడు పడింది. పైన విమానం పోతోంది. చెల్లదని ఎవరూ అనలేదు. ఆ తడి మరక మీదుగానే తన కాయను నడిపించాడు.